సైలెన్సర్‌కు కార్బన్ ఫైబర్ కవర్: అనంతపురంలో ఒక ఆఫ్‌రోడ్ బండి మీద చేసిన పని

బండి 200 సీసీ ఆఫ్‌రోడ్ రకం. సైలెన్సర్ చక్రం పక్కన కింద ఉండదు, కుడివైపు సీటు ఎత్తుకు లేచి ఉంటుంది. ఓనరు విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్. బుక్కరాయసముద్రం, శింగనమల, నార్పల చుట్టుపక్కల వేరుశనగ చేలు తిరగడమే ఆయన ఉద్యోగం. ఒకసారి గట్టు మీద బండి పడి, దాంతో వచ్చిన రేకు కవర్ సొట్టపోయింది. దాన్ని బిగించే బోల్టు దిమ్మ కూడా ఒకటి విరిగింది. ఆన్‌లైన్‌లో ఒక కార్బన్ ఫైబర్ కవర్ తెప్పించి హోస్ క్లిప్పులతో బిగించుకున్నాడు. ఎండాకాలం గడవకముందే అది ఉబ్బింది. ఒకరోజు వెనక కూర్చున్న భార్య పిక్క దానికి తగిలి కాలింది. అప్పుడు మా షెడ్డుకు వచ్చాడు.

"అన్నా, కాలు కాలకూడదు. సూసేదానికి మాత్రం కార్బనే ఉండాల" అన్నాడు.

మాది ఫైబర్ పని. నీళ్ల ట్యాంకు మూతలు, ఆటో టాపులు, షాపుల ముందు పెట్టే బొమ్మలు, ఇవే రోజువారీ ఆర్డర్లు. కార్బన్ అప్పుడప్పుడు వస్తుంది. కవర్ చేయించుకోవాలనే వాళ్లు, ఇంట్లోనే చేసుకోవాలనే వాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఈ ఒక్క కేసులో చాలావరకు జవాబులున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నా.

పాత కవర్ ఎందుకు పోయింది

విప్పి బల్ల మీద పెట్టి చూశాం. పైన క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పూత, పసుపు తిరిగింది. క్లిప్ పట్టిన చోట పట్టీ అచ్చు లోతుగా దిగింది. లోపలివైపు బుడగలు. గోరుతో గీరితే రెసిన్ పొడిగా రాలుతోంది, కింద పోగులు మాత్రం కొత్తవాటిలాగే నల్లగా మెరుస్తున్నాయి.

కార్బన్ పోగుకు వేడంటే లెక్కలేదు. 300 డిగ్రీలకు కూడా దానికి ఏమీ కాదు. పోగులను పట్టి ఉంచే రెసిన్, అంటే ఎపాక్సీతోనే చిక్కు. ప్రతి రెసిన్‌కూ ఒక టీజీ ఉంటుంది, అంటే గాజులా గట్టిగా ఉన్నది రబ్బరులా మెత్తబడే వేడి. గది వేడిలోనే గట్టిపడే మామూలు ఎపాక్సీని ఓవెన్‌లో పెట్టకుండా వదిలేస్తే అది 60–70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. ఆ కవర్ సైలెన్సర్‌కు నేరుగా ఆని ఉంది. మధ్యలో గాలి లేదు, అడ్డు లేదు. ఇక ఎన్నాళ్లు నిలుస్తుంది?

కార్బన్ ఫైబర్ వేడిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపదు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న షీటు, అది ఏ సరుకుతో చేసినా సరే, వేడికి పెద్ద అడ్డంకి కాదు. ఒకే వేడి దగ్గర ఇనుప రేకు కంటే కార్బన్ షీటు చేతికి కొంచెం తక్కువగా చురుక్కుమంటుంది. ఎందుకంటే ఇనుము తన వేడిని చర్మానికి వేగంగా వదులుతుంది, రెసిన్ నెమ్మదిగా వదులుతుంది. తేడా అంతవరకే. కాలు కాలకుండా చూసేవి కవర్ వెనకున్న గాలి సందు, లోపలివైపు మెరిసే పొర, బిగింపు. బయటికి కనిపించే నేత వీటి మీద కప్పిన చర్మం. ఈ మాట ఓనరుకు ముందే చెప్పాను. గ్లాస్ ఫైబర్‌తో చేసి నల్ల రంగు వేస్తే మూడో వంతు ఖర్చులో ఇదే పని జరుగుతుందని కూడా చెప్పాను. నవ్వి, "కార్బనే" అన్నాడు. సరే, డబ్బు ఆయనది, బండి ఆయనది.

వేడి కొలవడం

ఈ దశను చాలామంది వదిలేస్తారు, లేదా తప్పుగా చేస్తారు. అందరి దగ్గరా ఉండేది చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ గన్. దాన్ని మెరిసే స్టీలు మీద పెడితే వచ్చే అంకెను నమ్మకూడదు. మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెదజల్లి, చుట్టూ ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. బండిని గట్టిగా తిప్పి తెచ్చాక సైలెన్సర్ మధ్యభాగం మీద గన్ పెడితే 85 డిగ్రీలు చూపించింది. అదే చోట రూపాయి బిళ్లంత మేర వేడికి తట్టుకునే నల్ల మ్యాట్ పెయింటు పూసి, ఆరాక మళ్లీ అంతే దూరం తిప్పి చూస్తే 190. తగిలించి వేడి కొలిచే కె-టైప్ ప్రోబ్ ఉన్న మల్టీమీటరు కూడా 190కి అటూఇటూగానే చెప్పింది. 85 అనే అంకెను నమ్మి రెసిన్ కొంటే కవర్ గతి ముందే తేలిపోయినట్టు.

కొలతలు ఇలా వచ్చాయి: సైలెన్సర్ ముందుభాగం, అంటే ఇంజన్ నుంచి బెండ్ పైపు వచ్చి కలిసే చోటుకు కొంచెం వెనక, 240. మధ్యలో 190. తోక దగ్గర 150. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. బండి పరుగెడుతున్నప్పటి కంటే ఆపిన తర్వాతి కొద్ది నిమిషాల్లో కవర్ ఎక్కువ వేడెక్కుతుంది. గాలి తగలడం ఆగుతుంది, లోపలి వేడి మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది. చేను గట్టున బండి ఆపి, దిగేటప్పుడు కాలు తగిలేది సరిగ్గా అప్పుడే. కాబట్టి కొలతలన్నీ బండి ఆపాక ఎక్కడిదాకా ఎక్కుతుందో చూసి రాసుకున్నవే.

సందు ఎంత ఉండాలో తేల్చడానికి ఖరీదైన గుడ్డను పాడుచేయలేదు. 15 కేజీల నూనె డబ్బా రేకును కత్తిరించి, కవర్ ఆకారంలో వంచి, రెండువైపులా నల్ల మ్యాట్ రంగు కొట్టాం. రంగు కొట్టకపోతే రేకు మెరుపే వేడిని తిప్పికొట్టి మంచి అంకెలు చూపిస్తుంది, కార్బన్ అలా తిప్పికొట్టదు. బయట 40 డిగ్రీల ఎండ. 6 మిల్లీమీటర్ల సందుతో డమ్మీ 112 దాకా వెళ్లింది. 12కి పెంచితే 97. అదే 12 ఉంచి లోపలివైపు అల్యూమినియం ఫాయిల్ అంటిస్తే 74.

సందు రెండింతలు చేస్తే తగ్గింది 15 డిగ్రీలు. ఫాయిల్ ఒక్కటే తగ్గించింది 23. సైలెన్సర్ నుంచి కవర్‌కు చేరే వేడిలో పెద్ద భాగం రేడియేషన్, దాన్ని మెరిసే ఫాయిల్ వెనక్కి పంపేస్తుంది. వంద రూపాయలు కూడా చేయని ఫాయిల్ టేపు ఇక్కడ చేసిన పని మీటరు రెండు వేలకు అటూఇటూ ఉండే గుడ్డ చేయదు.

మధ్యలో, తోక దగ్గర 12, ముందు 15 మిల్లీమీటర్ల సందు ఖాయం చేశాం. అంతకంటే పెంచితే కవర్ బయటికి పొడుచుకొచ్చి తొడకు అడ్డం వస్తుంది.

అచ్చు

మామూలు ఫైబర్ పనే కాబట్టి తొందరగా చెప్పేస్తా. సైలెన్సర్‌ను ఊడదీసి ఫాయిల్ టేపుతో చుట్టి, దాని మీద చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే 6 మిల్లీమీటర్ల ఈవీఏ షీటు రెండు పొరలు అంటించాం. అదే 12 సందు. ముందువైపు ఇంకో పలచటి ముక్క పెట్టి 15కి తెచ్చాం. పైన ప్లాస్టర్ పూత, దాని మీద కార్లకు వాడే పుట్టీ, వాటర్ పేపర్‌తో 800 నంబరు దాకా నునుపు. అచ్చు అంటుకోకుండా మైనం, పీవీఏ పూత, వాటి మీద జెల్‌కోట్ అనే నున్నటి రెసిన్ పొర, దాని వెనక గ్లాస్ మ్యాట్. ఆకారం అర గుండ్రం దాటకుండా చూసుకోవాలి. దాటితే కవర్ అచ్చులోంచి ఊడిరాదు. అచ్చును కవర్ కంటే చుట్టూ రెండు అంగుళాలు పెద్దగా చేయాలి, గాలి లాగేసి పొరలను అదిమే వ్యాక్యూమ్ బ్యాగు టేపుకు ఆ చోటు కావాలి.

రెసిన్, గుడ్డ

రెసిన్ కొనేటప్పుడు డేటాషీటు అడిగి తీసుకోవాలి. కాలేజీ ప్రాజెక్టు పిల్లలు ఎక్కువగా వాడే ఎల్‌వై 556 ఎపాక్సీ, హెచ్‌వై 951 హార్డెనర్ జోడీ చవకగా దొరుకుతుంది, 100 గ్రాములకు 10 గ్రాములు కలపడం సులువు. ఇతర పనులకు నేనూ వాడతాను. ఈ పనికి మాత్రం ఓవెన్‌లో కాల్చాక టీజీ 120 దాటే సిస్టమ్ తీసుకున్నాను. బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది.

పాలిస్టర్ రెసిన్‌తో పనిచేసి వచ్చిన కుర్రాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఎండ ఎక్కువైతే కెటలిస్ట్ రెండు చుక్కలు తగ్గిస్తారు, చలిగా ఉంటే పెంచుతారు. ఎపాక్సీ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. పాలిస్టర్‌లో కెటలిస్ట్ చర్యను మొదలుపెట్టేది మాత్రమే. ఎపాక్సీలో హార్డెనర్ రెసిన్‌తో కలిసిపోయి గట్టిపడే పదార్థంలోనే భాగమవుతుంది. ఎక్కువైనా తక్కువైనా కొంత సరుకు జత దొరక్క మిగిలిపోతుంది, టీజీ పడిపోతుంది. బంగారం కొట్లో ఉండే రకం చిన్న కాటా మీద 0.1 గ్రాము తేడా లేకుండా తూచి కలిపాం.

మన ఊరి వాతావరణం ఈ పనికి ఒకవైపు మేలు, ఒకవైపు కీడు. గాలిలో తేమ తక్కువ కాబట్టి కోస్తాలో కొన్ని హార్డెనర్ల వల్ల రెసిన్ పైన వచ్చే జిడ్డు పొర బెడద ఇక్కడ దాదాపు ఉండదు. కానీ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిన్ చేతిలో ఉండే సమయం సుమారు సగానికి పడిపోతుంది. డేటాషీటులో రాసేది 25 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెల మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో ఆ లెక్క చెల్లదు. తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, కొంచెం కొంచెంగా కలపాలి, కలిపింది లోతు గ్లాసులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి. లోతు గ్లాసులో దాని వేడికి అదే ఉడికి పొగలొస్తుంది.

గుడ్డ 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు), 3కే (ఒక్కో కట్టలో మూడు వేల పోగులు), ఏటవాలు గీతల ట్విల్ నేత. కత్తిరించే గీత మీద ముందు మాస్కింగ్ టేపు వేసి, టేపు మధ్యలోంచి కోస్తే అంచు పోగులు ఊడవు. పైకి కనిపించే మొదటి పొరను పరిచేటప్పుడు బ్రష్‌ను ఈడ్వకూడదు. ఈడిస్తే ట్విల్ ఏటవాలు గీతలు వంకరపోతాయి, క్లియర్ కోట్ వేశాక ఆ వంకర ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రష్ కొసతో పైనుంచి పొడుస్తూ, మధ్యలోంచి అంచులకు వెళ్లాలి. గుడ్డ కింద తెల్లగా కనిపించే గాలి మచ్చ నల్లబడేదాకా ఒక్కో చోటే ఆగాలి. ఓపిక లేనివాడు ఈ పొర జోలికి పోకపోవడం మంచిది.

మొత్తం నాలుగు పొరల కార్బన్, బోల్టులు వచ్చే చోట అదనపు ముక్కలు, అన్నిటికంటే లోపల ఒక పొర గ్లాస్ గుడ్డ. ఈ గ్లాస్ పొర ఎందుకని ఓనరు అడిగాడు. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి ఆని ఉండి మధ్యకు నీళ్లు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తినుకుపోయి తెల్ల పొడి అవుతుంది. లోపల అంటించబోయే ఫాయిల్ అల్యూమినియమే కాబట్టి రెండిటికీ మధ్య గ్లాస్ ఉండాలి.

గుడ్డ బరువెంతో రెసిన్ కూడా దాదాపు అంతే పట్టింది. పైన తర్వాత ఒలిచేసే పీల్ ప్లై గుడ్డ, చిల్లుల షీటు, మిగులు రెసిన్ పీల్చడానికి పరుపుల్లో వాడే పాలిస్టర్ దూది షీటు వేసి బ్యాగు మూశాం. వ్యాక్యూమ్ పంపు ఏసీ మెకానిక్ దగ్గర అద్దెకు దొరికింది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో కూడా ఇంత చిన్న కవర్‌కు పని జరుగుతుంది. పంపు కంటే టేపు అతుకు ముఖ్యం. లీకును కంటితో వెతకడం దండగ, షెడ్డు తలుపులు మూసి చెవి పెట్టి వింటే ఈల శబ్దం వస్తుంది.

ఓవెన్

మరుసటి రోజు అచ్చులోంచి తీసిన కవర్ చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. గోరుతో కొడితే టంగుమంటుంది. చాలామంది ఇక్కడే ఆపి బండికి బిగించేస్తారు. కానీ ఈ దశలో దాని టీజీ ఇంకా తక్కువే.

ఊళ్లో గేట్లకు, గ్రిల్స్‌కు పౌడర్ కోటింగ్ చేసే షాపుల్లో పెద్ద ఓవెన్లు ఉంటాయి. వాళ్లు సుమారు 180–200 డిగ్రీల దగ్గర పని చేస్తారు, మాకు కావాల్సింది 120. ఆదివారం ఖాళీగా ఉన్న ఓవెన్‌ను కరెంటు ఖర్చు ఇచ్చి తీసుకున్నాం. 60 దగ్గర రెండు గంటలు, 80 దగ్గర రెండు, 100 దగ్గర రెండు, చివరికి 120 దగ్గర నాలుగు. ఒకేసారి 120కి తీసుకుపోతే కవర్ మెత్తబడి వంగిపోతుంది. మెట్లుగా వెళ్తే ప్రతి మెట్టు దగ్గరా టీజీ కొంచెం పెరుగుతుంది, తర్వాతి మెట్టును తట్టుకునే స్థితికి వస్తుంది.

అచ్చు పాలిస్టర్‌ది కాబట్టి ఓవెన్‌లో పెడితే అదే ముందు వంగుతుంది. దాన్ని బయటే ఉంచి, ఇనుప ట్రేలో ఎండబెట్టిన జల్లెడ ఇసుక పోసి, కవర్‌ను బోర్లించి లోపల కూడా ఇసుక కూరాం. ఆకారం కదలదు. అయితే ఇసుక నెమ్మదిగా వేడెక్కుతుంది. ఓవెన్ మీటరు 80 చూపిస్తున్నప్పుడు ఇసుకలో పెట్టిన ప్రోబ్ 60 దాటలేదు. గంటలు లెక్కపెట్టాల్సింది ప్రోబ్ అంకె నుంచి, ఓవెన్ మీటరు నుంచి కాదు.

కోత, బిగింపు

కార్బన్ పొడిని తేలిగ్గా తీసుకోవద్దు. దురద ఒక ఎత్తు, అది కరెంటు పారే పొడి కావడం ఇంకో ఎత్తు. గాల్లో తేలి స్టెబిలైజరులోనో, మొబైల్ చార్జర్‌లోనో పడితే షార్ట్ అవుతుంది. డైమండ్ వీల్‌తో కోసి, అంచులు నీళ్లలో ముంచి రుద్దాం. మాస్కు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బోల్టు రంధ్రాలు వేసేటప్పుడు వెనక చెక్క ముక్క ఆనించాలి, లేకపోతే డ్రిల్ బయటికొచ్చే వైపు పోగులు చీలతాయి. రంధ్రం అంచుకు సన్నగా రెసిన్ పూసి మూసేయాలి.

విరిగిన దిమ్మను మళ్లీ వెల్డ్ చేయలేదు. స్టెయిన్‌లెస్ పట్టీలు రెండు సైలెన్సర్ చుట్టూ తిప్పి, వాటికే 6 ఎంఎం బోల్టులు నిలబెట్టాం. పట్టీకి, కవర్‌కు మధ్య స్టెయిన్‌లెస్ బుష్‌లు లేత్ షాపులో కోయించినవి. ఆ బుష్ గుండా వేడి నేరుగా కవర్‌కు ఎక్కకుండా ఇస్త్రీ పెట్టెల్లో వాడే మైకా షీటు కొని, వాషర్లుగా కత్తిరించి పెట్టాం. ఎలక్ట్రికల్ షాపులో పది, ఇరవై రూపాయలకు వస్తుంది. దీనికి మించిన వాషర్ ఏ కేటలాగులోనూ నాకు కనిపించలేదు.

ఇంకో చిన్న లెక్క ఉంది. రెండు బోల్టుల మధ్య దూరం 280 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ స్టీలు 150 డిగ్రీలు వేడెక్కితే ఆ దూరం సుమారు 0.7 మిల్లీమీటరు సాగుతుంది. కార్బన్ దాదాపు సాగదు. రెండు వైపులా గట్టిగా బిగిస్తే ప్రతి ప్రయాణంలోనూ రంధ్రం దగ్గర లాగుడు పడి, కొన్నాళ్లకు అక్కడే చీలిక వస్తుంది. అందుకని ముందు రంధ్రం గుండ్రంగా, వెనక రంధ్రం 10 మిల్లీమీటర్ల పొడవుతో కోలగా వేశాం. కోల రంధ్రం వైపు సిలికాన్ వాషర్ పెట్టి కదలనిచ్చేంత బిగువే ఇచ్చాం. గడగడ చప్పుడు రాదు.

కవర్ రెండు కొసలూ, కింది అంచూ తెరిచే ఉంచాం. ఓనరుకు మొదట నచ్చలేదు, మూసేస్తే అందంగా ఉంటుందన్నాడు. ఆయన తిరిగేది చేలల్లో. ఎండిన వేరుశనగ కట్టె, జొన్న ఆకు సందులో ఇరుక్కుంటే 240 డిగ్రీల లోహం పక్కన అది మాడుతుంది, పొగ వస్తుంది, ఒక్కోసారి మంటే రావచ్చు. పడింది కిందికి జారిపోయే దారి ఉండాలి. ఈ మాట చెప్పాక అందం ఊసెత్తలేదు.

పైన రెండు చేతుల పీయూ (పాలీయురేథేన్) క్లియర్ కోట్, కార్లకు కొట్టేదే. ఎపాక్సీకి ఎండ పడదు, పూత లేకపోతే మన ఎండలకు పసుపు తిరుగుతుంది.

బండి మీద

బిగించాక పెనుకొండ దాకా హైవే మీద, తర్వాత శింగనమల వైపు మట్టి రోడ్లలో తక్కువ గేర్లలో తిప్పించాం. బండి ఆపాక కవర్ బయట మధ్యలో 71 నుంచి 76 మధ్య ఆగింది, డమ్మీ చెప్పిందానికి దగ్గరగానే. ముందుభాగంలో లోపలివైపు 92. రెసిన్ టీజీకి ఇంకా చోటుంది. 75 డిగ్రీలంటే చెయ్యి పెట్టి ఉంచుకునే వేడి కాదు. దిగేటప్పుడు పిక్క తగిలి వెంటనే తీసేస్తే మాత్రం పాతదానిలా చర్మం ఊడదు. ఈ తేడా భార్యకు కూడా చెప్పమని ఓనరుకు చెప్పి పంపాను. కవర్ ఉంది కదా అని కాలు ఆనించి కూర్చోకూడదు.

కవర్ ఒక్కటే 100 గ్రాములు, పట్టీలూ బోల్టులూ కలిపి 200 దాటలేదు. బరువు తగ్గిందని మురిసిపోవాల్సిందేమీ లేదు, ఇలాంటి బండి మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. సైలెన్సర్‌ను ముట్టుకోలేదు కాబట్టి శబ్దం మారలేదు, పోలీసులతో గొడవా లేదు.

వానాకాలం తర్వాత బండి మళ్లీ వచ్చింది. నేత, క్లియర్ కోట్ బాగున్నాయి. వెనక కొస దగ్గర ఫాయిల్ అంచు బురద నీళ్లకు లేచింది. పాతది తీసి, కొత్త ఫాయిల్‌ను అంచు మీదుగా 5 మిల్లీమీటర్లు మడిచి, మడత మీద వేడిని తట్టుకునే సిలికాన్ పూశాం. చేలల్లో తిరిగే బండికి ఏడాదికోసారి ఫాయిల్ మార్చుకోవాలని చెప్పాను. మెరుపు తగ్గి మసిబారిన ఫాయిల్ ఉన్నా లేనట్టే.

ఆయన స్నేహితుడు 350 సీసీ బండి తెచ్చి, బెండ్ పైపుకు ఇలాంటిదే చేయమన్నాడు. ఇంజన్ పక్కన ఆ పైపు ఇంకా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, దాని చుట్టూ 12 మిల్లీమీటర్ల సందుకు చోటు కూడా లేదు. కార్బన్ చేయనన్నాను. స్టెయిన్‌లెస్ రేకుతో వంచి, అవే మైకా వాషర్లతో బిగించి ఇచ్చాం.